పదకొండు ఆకులు

రంగు డబ్బా అడుగున నాలుగు చిల్లులు పొడిచి,
కొబ్బరి పీచు పరిచి, మట్టి పోసి
ఈ పొట్టి జామను నేనే నాటాను.
"మోకాలెత్తుకే కాస్తుందక్కా" అన్నాడు తోపుడుబండివాడు.
నమ్మలేదు. ఇరవై ఆరేళ్ళు
గిమరాస్ పడవలకు టికెట్లు చింపినదాన్ని,
"ఇదిగో, బయల్దేరుతోంది" అని
నేనూ ఎందరికో చెప్పాను.

ఇలోయిలోలో మూడో అంతస్తు. ఉప్పుగాలి.
మొదటి ఏడు పూలన్నీ రాలాయి.
తెల్లటి కేసరాలు ఊడ్చీ ఊడ్చీ
చీపురుకే కాయలు కాస్తాయేమో అనుకున్నాను.
రెండో ఏడు పిండిపురుగు.
సబ్బునీళ్ళ గుడ్డతో ఒక్కో ఆకు వెన్నూ తుడిచాను,
జ్వరమొచ్చిన పిల్లను తుడిచినట్టేం కాదు,
కిటికీ అద్దాలు తుడిచినట్టే, విసుక్కుంటూ.
కొనలు గిల్లాను. బియ్యం కడుగు పోశాను.

మూడో ఏడు, ఏడు కాయలు.
గోళీకాయంత కాగానే కాయకో కాగితం సంచి,
ఈగ కుట్టకుండా.
పాత టికెట్ల కట్టలు ఇంకెందుకున్నాయి!
వాటినే అంటించి కట్టాను.
"ఒకవైపు ప్రయాణం" అని అచ్చువేసిన గదిలో
కదలకుండా కూర్చుని
లావెక్కింది ఒక్కో కాయా.

ఏప్రిల్లో కింది వాటా కుర్రాడు కెర్విన్
మూడుసార్లు పైకొచ్చాడు.
కుండీ చూశాడు, సముద్రం చూశాడు,
చెప్పుతో నేల రాశాడు,
ఏమీ అడక్కుండానే మెట్లు దిగిపోయాడు.
నాలుగోసారి వాళ్ళమ్మ మారిఫె వచ్చింది.
వెనకాల వాడు, అక్క పావడా కట్టుకుని,
గుడ్డ ఒంటికి తగలకుండా
రెండు వేళ్ళతో ముందుకు లాగి పట్టుకుని.

అప్పుడు గాని అర్థం కాలేదు.
బడి సెలవులు కదా, వీధిలో మగపిల్లలకు సున్తీలు.
పుండు కడగడానికి జామాకు కషాయం
మా అమ్మమ్మల నాటి మందు.
ఒకప్పుడు ప్రతి పెరట్లోనూ ఒక జామ ఉండేది.
ఇప్పుడక్కడ కార్లు నిలుపుతున్నారు.

సిగ్గు లేకుండా లెక్క వేశాను.
కాయకు అన్నం వండేది ఆకే గదా.
ఉన్న ఆకులెన్ని, ఏడు కాయల ఆకలెంత?
మారిఫె లెక్క వేరు. గొంతు తగ్గించి అంది:
"సున్తీ అయితే పిల్లాడు సర్రున ఎదుగుతాడంటారు గదా,
తెయోఫిస్తక్కా,
పొట్టి చెట్టు ఆకుతో కడిగితే
వీడు పొట్టిగానే ఆగిపోడు గదా?"

నవ్వు దాచుకోవడానికి కత్తెర వెతికాను.
"చెట్టే పొట్టిది, దాని వగరు కాదు" అన్నాను.
పదకొండు కోశాను. ముదురువి, కింది కొమ్మలవి.
ఆ వాసన రాత్రిదాకా
నా వేళ్ళను వదల్లేదు.

మేలో మూడు కాయలు సంచులతో సహా రాలాయి.
ఎండకో, ఆకులు పోయినందుకో.
ఆకులు పోయినందుకేనని
రెండు రోజులు మారిఫెతో మెట్ల మీద ముభావంగా ఉన్నాను.
మిగిలినవాటిలో రెండు చేపల పులుసులో వేశాను.
రెండు జామలకు కుండ లొంగుతుందా?
చింతపండు కొనక తప్పలేదు.
ఒకటి చీమలపాలు.
ఒకటి నేనే తిన్నాను,
పీట మీంచి లేవకుండా చెయ్యి చాపి కోసుకుని.
గుజ్జు కంటే గింజలెక్కువ.
పంటి సందున ఒక గింజ
ఆదివారం చర్చిలో పాటలయ్యేదాకా నాతోనే ఉంది.

డిసెంబరులో కెర్విన్ బడిసంచీతోనే పైకొచ్చాడు.
చెట్టు పక్కన నిటారుగా నిలబడ్డాడు.
ఏప్రిల్లో పై కొమ్మ వాడి చొక్కా మూడో బొత్తాందాకా వచ్చేది.
ఇప్పుడు బెల్టు దగ్గరే ఆగింది.
చాలాసేపు చూశాడు.
"ఇది తగ్గిపోయిందా?" అన్నాడు, భయంగా.

నీళ్ళ చెంబు వాడి చేతికిచ్చాను.